పదమూడో పేజీలో నాలుగో స్టెప్పు

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ పని తేలిక. ముప్పై ఏళ్ళుగా యూనివర్సిటీలో లెక్కలు చెబుతున్నాను, అందులో కనీసం పదేళ్ళు అరవడానికే పోయి ఉంటాయి. మా ఆయన పళ్ళ డాక్టరు. "ఊళ్ళోవాళ్ళందరి నోళ్ళూ తెరిపించగలను గానీ మా ఆవిడ నోరు మూయించడం మాత్రం నా వల్ల కాలేదు" అని ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంటాడు. నవ్వుకోనివ్వండి. ఆయన పేషెంట్లు నోట్లో దూది పెట్టుకుని మాట్లాడలేరు కాబట్టి ఆయనకు అంత ప్రశాంతత. నా పేషెంట్లు అలా కాదు.

అయితే ఒక్కటి. నేను అరిచేది బద్ధకస్తుల మీద, గొప్పలు పోయేవాళ్ళ మీద, మీటింగుల్లో గంటలు గంటలు మాట్లాడే పెద్దమనుషుల మీద. భయపడే పిల్లల మీద ఏనాడూ గొంతు లేపలేదు. లేపలేదనే పోయిన సోమవారం దాకా అనుకున్నాను.

లెక్కలంటే భయపడేవాళ్ళను నేను గుమ్మంలోనే పసిగడతాను. అర్థం కాకపోయినా తలూపుతారు. రాసింది చేత్తో కప్పుకుంటారు. పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడతారు. వాళ్ళకు లెక్క రాదని కాదు, తప్పు రాస్తే ఏమైపోతుందోనని బెంగ. అందుకని నేనొక పద్ధతి పెట్టాను. ప్రతి క్లాసులో బోర్డు మీద కావాలని ఒక తప్పు చేస్తాను. ఎక్కడో చెప్పను. కనిపెట్టినవాళ్ళు లేచి నిలబడి మాట్లాడక్కర్లేదు. చీటీ మీద రాసి, నా బల్ల మీదుండే ఖాళీ బిస్కెట్ల డబ్బాలో పడేస్తే చాలు. పేరు కూడా అక్కర్లేదు. మర్నాడు ఆ చీటీలు పైకి చదివి, "చూశారా, నేను తప్పు చేశాను, ఆకాశమేమన్నా ఊడిపడిందా?" అంటాను. మొదటి నెల మూడు చీటీలు వస్తాయి. ఏడాది తిరిగేసరికి డబ్బా మూత పట్టదు. ఈ పద్ధతి గురించి పక్క కాలేజీల వాళ్ళు కూడా వచ్చి అడిగి వెళ్ళారు. నేనూ కాస్త మురిసిపోయానని ఒప్పుకుంటాను.

ఆ చీటీల్లోంచి పైకి వచ్చిందే పిచ్చుక. పీజీ మొదటి ఏడాది అమ్మాయి. గొంతు పక్క బెంచీకి కూడా వినపడదు, అందుకని క్లాసువాళ్ళు ఆ పేరు పెట్టారు. మొదటి పరీక్షలో తెల్ల కాగితం ఇచ్చేసి బయట మెట్ల మీద కూర్చుని వణికిపోతుంటే, వెళ్ళి పక్కన కూర్చున్నాను. "నీకు కచ్చితంగా తెలిసిన ఒక్క వాక్యం రాయి. చిన్నదైనా పర్లేదు, నిజమైతే చాలు" అన్నాను. ముక్కు తుడుచుకుంటూ రాసింది. "దాని కింద ఇంకోటి" అన్నాను. ఆ సాయంత్రం మెట్ల మీదే లెక్క పూర్తి చేసింది. అప్పట్నుంచి రోజూ ఒక చీటీ వేసేది. చీమల బారులాంటి ఆ అక్షరాలు నాకు ఎంత గుర్తంటే, పేరు లేకపోయినా ఇట్టే తెలిసిపోతుంది.

సోమవారం మధ్యాహ్నం గదిలో కూర్చుని చీటీలు తీస్తున్నాను. అన్నీ మామూలువే. అడుగున చీమల బారు. "మేడం, మీ పాత పేపర్లో మీరు కావాలని పెట్టిన తప్పు దొరికింది. 13వ పేజీ, 4వ స్టెప్పు. ఆలస్యమైనందుకు క్షమించండి."

నవ్వొచ్చింది. పిచ్చి తల్లి, ఎక్కడో పొరపాటు పడి ఉంటుంది. ఆ పేపరంటే ఏమనుకున్నారు? జర్నల్లో అచ్చయిన నా పరిశోధన పత్రం, పన్నెండేళ్ళ కిందటిది. నాలుగేళ్ళు కష్టపడి రాశాను. ఆ పనిలో పడి చెల్లెలి పెళ్ళిలో కూడా ఒక మూల కూర్చుని లెక్కలేసుకుంటుంటే మా అమ్మ ముఖం తిప్పుకుంది. ఒక రకం బిందువుల గుంపు తీసుకుంటే, అందులో లెక్కలేనన్ని బిందువులున్నా సరే, ఏ రెండూ ఒక హద్దు దాటి దగ్గరకు రాలేవని అందులో నిరూపించాను. దాన్ని అందరూ నా పేరుతోనే పిలుస్తారు. నాకు ప్రొఫెసర్ కుర్చీ వచ్చిందీ దానివల్లే.

మెల్లగా చెప్పి పంపుదాం, మనసు నొచ్చుకోకుండా చూద్దాం అనుకుంటూ బీరువాలోంచి పేపరు తీశాను. పదమూడో పేజీ. నాలుగో స్టెప్పు. "ప్రతి జంట బిందువుల మధ్యా దూరం సున్నా కంటే ఎక్కువే. కాబట్టి ఈ దూరాలన్నిటిలోకీ చిన్నదాన్ని తీసుకుందాం."

చదివాను. మళ్ళీ చదివాను.

మీకు లెక్కలు రాకపోయినా ఇది అర్థమవుతుంది, వినండి. గుమ్మం దాకా ఉన్న దూరంలో సగం నడవండి. మిగిలినదాంట్లో సగం నడవండి. మళ్ళీ అందులో సగం. అలా ఆగకుండా నడుస్తూనే ఉండండి. ప్రతి అడుగూ సున్నా కంటే పెద్దదే కదా? మరి అన్నిటికన్నా చిన్న అడుగు ఏది? లేదు. ఏదన్నా చూపించండి, దాని తర్వాతది ఇంకా చిన్నది. లెక్కకు అందనన్ని ఉన్నప్పుడు చిన్నది ఒకటి ఉండి తీరాలని లేదు. ఇది డిగ్రీ పిల్లలకు మొదటి నెలలో చెబుతాను. గుమ్మం దాకా నడిచి మరీ చూపిస్తాను. ఇది తప్పు రాసినవాళ్ళ కాగితం మీద ఎర్ర సిరాతో రెండు గీతలు గీస్తాను.

అదే తప్పు నా పేపర్లో ఉంది. కావాలని పెట్టింది కాదు. నాకు తెలియకుండా పన్నెండేళ్ళుగా అక్కడే కూర్చుని ఉంది.

గంటన్నర సేపు దాన్ని బతికించడానికి చూశాను. కుదరలేదు. సిద్ధాంతం అబద్ధమని కాదు, నిజమని చెప్పడానికి ఇప్పుడు నా దగ్గర ఏ ఆధారమూ లేదు. అంతలో తాతయ్య గుర్తొచ్చాడు.

తాతయ్యంటే మా తాతయ్య కాదు, నా రీసెర్చి స్టూడెంటు. నలభై మూడేళ్ళవాడు. పోస్టాఫీసులో ఉద్యోగం మానేసి వచ్చి, చదువుకునే పిల్లల మధ్య నెరిసిన జుట్టుతో కూర్చుంటే ఆ పేరొచ్చింది. ఆరేళ్ళు నా దగ్గర పనిచేశాడు. థీసిస్ నా సిద్ధాంతం మీదే. గురువారం వైవా. ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం ఖాయమై ఉంది, ఈ నెలాఖరు లోపు డిగ్రీ చేతికి వస్తేనే. సిద్ధాంతం పడిపోతే అతని ఆరేళ్ళూ దాంతోపాటే పోతాయి.

పిచ్చుకను పిలిపించాను. వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"ఇది రాసింది నువ్వేనా?"

తలూపింది.

"ఎప్పుడు దొరికింది?"

"ఎనిమిది నెలలైంది మేడం."

"ఎనిమిది నెలలా! ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావే?"

"అందరికీ ఎప్పుడో దొరికి ఉంటుందనుకున్నా మేడం. పన్నెండేళ్ళుగా ఎంతమంది చదివుంటారు! నాకే లేటుగా తెలిసిందని సిగ్గేసింది." అని, "కావాలనే పెట్టారు కదా మేడం?" అంది.

నా మతి పోయింది. జర్నల్లో కావాలని తప్పు అచ్చేయించే పిచ్చిది లోకంలో ఎవరన్నా ఉంటారా? ఆ పిల్ల నమ్మింది. నేను ఎన్నడూ తెలియక తప్పు చెయ్యనని నమ్మింది. "కాదమ్మా" అన్న మాట పెదవి దాకా వచ్చింది. గురువారానికి ఇంకా మూడు రోజులే ఉంది.

"అవును," అన్నాను. "కావాలనే పెట్టాను. అసలు నిరూపణ నా దగ్గర వేరే ఉంది. శభాష్. కానీ ఎవరికీ చెప్పకు, మిగతావాళ్ళు వెతుక్కోవాలి కదా."

పిల్ల ముఖం వెలిగిపోయింది. నిజంగా నవ్వింది, పళ్ళు కనిపించేలా. మొదటిసారి చూశాను ఆ నవ్వు. దండం పెట్టి వెళ్ళిపోయింది. ఇంత చక్కటి అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకే తెలియదు.

సాయంత్రం మా ఆయన క్లినిక్కు నుంచి వచ్చి చొక్కా గుండీలు విప్పుకుంటుంటే మొత్తం చెప్పేశాను. నవ్వలేదు. సగం విప్పిన చొక్కాతోనే కూర్చుండిపోయాడు.

"అబద్ధం నా కోసం కాదు, తాతయ్య కోసం," అన్నాను.

"తాతయ్యకు చెప్పావా?"

"లేదు."

"అతని కోసం అబద్ధమాడి అతనికే చెప్పలేదా?"

"నువ్వు పళ్ళు చూసుకో!" అని విసుక్కుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. కానీ ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

మంగళవారం పొద్దున్నే తాతయ్యను పిలిచి తలుపు వేశాను. ఇలా తలుపు వేసి ఎవరితోనూ మాట్లాడను, అందుకని అతనికి అప్పుడే అనుమానం వచ్చి ఉంటుంది. "కూర్చోవయ్యా, మంచినీళ్ళు తాగు" అన్నాను. అతను కళ్ళు తిరిగి పడిపోతే ఎవర్ని పిలవాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. పేపరు ముందు పెట్టి, పదమూడో పేజీ తెరిచి, వేలు పెట్టి చూపించాను. "ఇక్కడ తప్పుంది. నా సిద్ధాంతం నిలబడదు."

తాతయ్య పేపరు వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

"తెలుసు మేడం."

"ఏం తెలుసు?"

"చిన్న దూరం ఉందనుకోవడం. నాలుగో స్టెప్పు. రెండేళ్ళయింది."

నోట మాట రాలేదు. నాకు!

"రెండేళ్ళుగా తెలిసి చెప్పలేదా?" అన్నాను ఎట్టకేలకు.

"చెప్పాను మేడం."

"ఎవరికి?"

"మీకే. ఇదే గదిలో. పేపరు పట్టుకొచ్చి, ఇక్కడ నాకు అర్థం కావట్లేదు మేడం అన్నాను. మీరు..." నీళ్ళు నమిలాడు.

"చెప్పవయ్యా!"

"మహామహులు చదివినప్పుడు కనిపించనిది నీకు కనిపించిందా, ముందు నీ రెండో అధ్యాయం ఏడ్చినట్టుంది, అది చూసుకో అన్నారు. పేపరు నా చేతికిచ్చి తలుపు చూపించారు."

నాకు గుర్తు లేదు. ఒట్టు, ఒక్క ముక్క గుర్తు లేదు. ఎంత తడుముకున్నా ఆ రోజు దొరకలేదు. నాకది మామూలు రోజు. అతను మాత్రం మాట మాటా అప్పజెప్పాడు. ఆ తర్వాత వారం రోజులు డిపార్ట్‌మెంటుకు రాలేదట. జ్వరమని చెప్పాడట. నేను "సరేలే" అన్నానట.

"మరి థీసిస్?" అన్నాను. "గురువారం వైవా పెట్టుకుని, పడిపోయే సిద్ధాంతం మీద థీసిస్ ఎలా కట్టావయ్యా?"

"కట్టలేదు మేడం." తల వంచుకున్నాడు. "రెండో అధ్యాయంలో అంతకంటే చిన్న ఫలితం ఒకటి సొంతంగా నిరూపించుకున్నాను. మిగతాదంతా దాని మీదే నడిపించాను. మీ సిద్ధాంతాన్ని ఎక్కడా వాడలేదు. మొదటి అధ్యాయంలో పొగిడానంతే."

మొదటి అధ్యాయం నేను రెండుసార్లు చదివాను. ఎంత బాగా రాశాడో అనుకున్నాను. మిగతావి కామాలు, చుక్కలు సరిచేసి సంతకం పెట్టేశాను. తల కొట్టేసినట్టయింది.

"ఇంకెవరికి తెలుసు?"

"నా తర్వాత చేరినవాళ్ళిద్దరికీ చెప్పాను మేడం, దాన్ని వాడొద్దని. వాళ్ళ జీవితాలు పాడవుతాయని." లేచి నిలబడ్డాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు. "మీ చీటీల పద్ధతి మంచిదే మేడం. పిల్లలకు చాలా మేలు చేసింది. కాకపోతే బోర్డు మీద మీరు చేసే తప్పులు మీకు ముందే తెలిసినవి. అవి పట్టుకుంటే మీకు సంతోషం. తెలియనిది పట్టుకుంటే ఏమవుతుందో మాకు తెలుసు."

వెళ్ళిపోయాడు. పోట్లాడలేదు, తలుపు కూడా మెల్లగానే వేశాడు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

తాతయ్య డిగ్రీకి ఏ ఢోకా లేదు. అంటే పిచ్చుకకు నేను చెప్పిన అబద్ధానికి ఇప్పుడు ఆ సాకు కూడా పోయింది. మిగిలింది నా పరువు ఒక్కటే. ఆ మధ్యాహ్నం జర్నల్‌కు ఉత్తరం రాశాను. తప్పు ఉన్న చోటు, పట్టుకున్నవాళ్ళు ఇద్దరూ, ఎవరు ముందో ఎవరు వెనకో, అన్నీ రాశాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, పంపే ముందు పావుగంట దాన్నే చూస్తూ కూర్చున్నాను. పంపేశాను. ఇక ఆ పిల్లకు చెప్పడమే మిగిలింది.

బుధవారం క్లాసులో నలభై మంది ఉన్నారు. అబద్ధం నా గదిలో చెప్పాను కాబట్టి నిజం కూడా గదిలోనే చెప్పొచ్చు. కానీ నిజం ఎప్పుడూ తలుపేసుకునే చెప్పే మనిషిని అవుతానేమోనని భయమేసింది. బోర్డు మీద ఆ స్టెప్పు రాశాను.

"ఇది నా పేపర్లోది," అన్నాను. "ఇందులో తప్పుంది. కావాలని చేసింది కాదు. నాకు తెలియక చేశాను. పిచ్చుక కనిపెట్టింది. సోమవారం తను వచ్చి అడిగితే, కావాలనే పెట్టానని అబద్ధం చెప్పాను. రెండేళ్ళ కింద తాతయ్య చెబితే తలుపు చూపించాను. ఈ సిద్ధాంతం ఇప్పటికి లేదు. జర్నల్‌కు రాసేశాను."

నలభై ముఖాలూ తెల్లబోయి నన్నే చూస్తున్నాయి. అంతలో చివరి బెంచీలో పిచ్చుక లేచి నిలబడింది. ఎవరూ లేపకుండా తనంతట తాను లేవడం ఆ ఏడాదిలో అదే మొదలు.

"ఎందుకు మేడం?" అంది. ఆ గొంతు క్లాసంతా వినపడింది.

"ఏది ఎందుకు?"

"నాకు అబద్ధం ఎందుకు చెప్పారు?"

తాతయ్య కోసమని చెప్పొచ్చు. ఎవరూ కాదనరు. "భయమేసింది," అన్నాను. "నా పేరు పోతుందని భయమేసిందమ్మా. అంతే."

పిచ్చుక కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుంది.

"అయితే, అసలు నిరూపణ మీ దగ్గర వేరే ఉందన్నారు కదా?"

"లేదు. అది కూడా అబద్ధమే."

"నా దగ్గర ఉండేది మేడం."

మొదట నాకు అర్థం కాలేదు. "ఏముండేది?"

"ఆ స్టెప్పు లేకుండా వెళ్ళడానికి ఇంకో దారి. ఎనిమిది పేజీలు వచ్చింది. తప్పు దొరికినప్పట్నుంచీ అదే చేస్తున్నా. అది పూర్తయ్యాకే చీటీ వెయ్యడానికి ధైర్యం వచ్చింది. మీరు అడిగితే చూపిద్దామని సోమవారం సంచిలో పెట్టుకొచ్చా." ఊపిరి పీల్చుకుంది. "మీ దగ్గర అసలుది ఉందన్నారు. మీది ఉండగా నాది చూపిస్తే నవ్వుతారనిపించింది. బయటికెళ్ళి చింపేసి మెట్ల దగ్గర చెత్తబుట్టలో పడేశా."

మా బిల్డింగులో చెత్త రోజూ పొద్దున్నే ఎత్తుకుపోతారు. సోమవారంది మంగళవారమే పోయింది. ఆ టైముకు నేను తాతయ్యకు మంచినీళ్ళు తాగమని చెబుతున్నాను.

"అది సరిగ్గా ఉందా అమ్మా?" అన్నాను.

"తెలీదు మేడం. మీరు చూసుంటే తెలిసేది."

నలభై మంది ముందు నాకు ఏడుపొచ్చేసింది. పన్నెండేళ్ళ సిద్ధాంతం పోయినందుకు ఒక్క చుక్క రాలేదు, ఇప్పుడు ఆగలేదు. సిద్ధాంతంలో తప్పు తెలియక చేశాను. ఇది తెలిసి, కుర్చీలో కూర్చుని, శభాష్ అని మరీ చేశాను. ముందు బెంచీలో పిల్లలు ఎటు చూడాలో తెలియక నోట్సుల్లోకి చూస్తున్నారు.

"గుర్తుందా?" అని అడిగాను, కొంగుతో ముఖం తుడుచుకుని.

చాలాసేపు బోర్డు వైపు చూసింది. "మొదటి మూడు పేజీలు గుర్తున్నాయి. తర్వాత ఒక చోట ఏదో చేశా మేడం. అదేంటో గుర్తు రావట్లేదు."

"గుర్తున్నంత వరకు రాస్తావా?"

బెంచీల మధ్య నుంచి నడిచి వచ్చింది. నేను తప్పుకుని మొదటి బెంచీలో ఇద్దరు పిల్లల మధ్య కూర్చున్నాను. చీమల బారు బోర్డు మీద మొదలైంది. మొదటి వాక్యం నిజమే. రెండోదీ నిజమే. పదో వాక్యం దగ్గర నేను ఎన్నడూ ఆలోచించని వైపు తిరిగింది, నేను బెంచీ మీద ముందుకు వంగాను. బోర్డు సగం పైగా నిండింది. అప్పుడు చెయ్యి ఆగిపోయింది. రాసి చెరిపింది, మళ్ళీ రాసి చెరిపింది.

"ఇక్కడే మేడం," అంది వెనక్కి తిరగకుండా. "ఇక్కడే ఏదో చేశా."

క్లాసు అయిపోయిందని గంట కొట్టారు. ఎవరూ లేవలేదు.